అచ్చు అతకడం

ఈ ఏటి వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మన విద్యార్థి సంఘం కార్యదర్శి అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడు తప్పించుకోవాలనే చూశాను. రిటైరై ఏళ్ళయింది, సందేశాలిచ్చేంతటి వాణ్ణి కాదు అన్నాను. "సందేశం వద్దు సార్, మీ రోజుల్లో జరిగిందేదైనా వ్రాయండి" అన్నాడు. జరిగిందొకటి ఉంది. నలభై ఏళ్ళు దాటినా ఎవరితోనూ చెప్పలేదు. అందులో సగం సైన్సు, సగం నా తప్పు. సైన్సు చెప్పకుండా తప్పు చెబితే అర్థం కాదు కనుక రెండూ కలిపే వ్రాస్తున్నాను. ఆర్ట్సు, కామర్సు మిత్రులు మధ్యలో పేజీ తిప్పెయ్యకుండా కాస్త ఓపిక పట్టాలని మనవి.

మాది చీరాల దగ్గర నేత పల్లె. నాన్నకు ఒకే మగ్గం. ఇంటిల్లిపాదీ దాని చుట్టూనే తిరిగేవాళ్ళం. మా ఇంట్లో కాలేజి గడప తొక్కినవాణ్ణి నేనే. యం.యస్సీ. అయ్యాక ఫెలోషిప్పు వచ్చి రీసెర్చిలో చేరానని చెబితే "ఇంకా చదువేనట్రా?" అన్నాడు నాన్న. "చదువు కాదు నాన్నా, జీతం ఇస్తారు" అన్నాను. "ఎన్నాళ్ళు?" అన్నాడు. ఆ ప్రశ్న నా వెనకాలే వచ్చి హాస్టలు గదిలో కూర్చుంది.

నాకిచ్చిన పని ఇది. అడవినాభి దుంపలో కొల్చిసిన్ అనే విషపదార్థం ఉంటుంది. కీళ్ళవాతానికి మందుగా వాడేది అదే. అది మన కణాల్లోని ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని కదలనివ్వదు. ఆ దుంపలోనే ఉన్న దాని చుట్టాలు కూడా అదే పని చేస్తాయా, చేస్తే ఎంత గట్టిగా చేస్తాయి అన్నది చూడాలి. అందుకు ముందు చేతిలో ట్యూబ్యులిన్ ఉండాలి. ట్యూబ్యులిన్ బాగా దొరికేది మెదడులో.

కాబట్టి 1983లో నా దినచర్య తెల్లవారుజామున కబేళా దగ్గర మొదలయ్యేది. సైకిలు హ్యాండిలుకు ఐసు నింపిన థర్మాస్ ఫ్లాస్కు. మేక తల కొట్టగానే మెదడు తీసి ఐసులో పడెయ్యాలి. ఆలస్యమైతే ప్రోటీన్ పాడైపోతుంది. అక్కడి పనివాళ్ళు నన్ను "మెదళ్ళ మేష్టారూ" అని పిలిచేవాళ్ళు. లేబొరేటరీకి రాగానే పొరలూ రక్తనాళాలూ ఒలిచి, చల్లటి ద్రావణంలో రుబ్బి, సెంట్రిఫ్యూజులో తిప్పి, పైన తేరిన నీటికి జి.టి.పి. అనే శక్తి పదార్థం కలిపి, 37 డిగ్రీల వెచ్చటి నీళ్ళలో ఉంచేవాణ్ణి. వెచ్చదనానికి ట్యూబ్యులిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని సన్నటి గొట్టాలవుతాయి. తిప్పితే గొట్టాలు అడుక్కు దిగుతాయి. వాటిని మళ్ళీ ఐసులో పెడితే విడిపోయి నీళ్ళలో కరిగిపోతాయి. వేడి, చల్లన, వేడి, చల్లన. ఇలా రెండు మూడు ఆవృత్తులయ్యాక, ఇంకా అంటిపెట్టుకున్న ఇతర ప్రోటీన్లను ఒక కాలమ్ గుండా పంపి వదిలించుకునేవాణ్ణి. చివరకు శుద్ధమైన ట్యూబ్యులిన్ మిగిలేది, గట్టిగా మాట్లాడితే ఒలికిపోయేంత.

ఆ గొట్టాలనే సూక్ష్మనాళికలు అంటారు. అడ్డకొలత 25 నానోమీటర్లు. మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. ఆల్ఫా, బీటా అనే రెండు ట్యూబ్యులిన్లు జంటగా ఒక ఇటుక. ఇటుక పొడుగు 8 నానోమీటర్లు. ఇటుక మీద ఇటుక పేర్చుకుపోతే ఒక పోగు. మన కణాల్లో సాధారణంగా అలాంటి పోగులు 13 పక్కపక్కన చేరి గుండ్రంగా చుట్టుకుంటే ఒక నాళిక. కణం రెండయ్యేటప్పుడు క్రోమోసోములను రెండు పక్కలకూ చేర్చేవి ఇవే. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో కండె తంతువులని చదువుకున్నాం కదా, అవే ఇవి. కండె అన్న మాట క్లాసులో విన్నప్పుడల్లా నాకు మా ఇల్లు గుర్తొచ్చేది.

నాళికలు ఏర్పడుతున్నాయో లేదో చూడడానికి కంటితో పని లేదు. ద్రావణం కొంచెం మసకబారుతుంది. స్పెక్ట్రోఫోటోమీటరులో పెడితే ఆ మసక ఎంతో చార్టు రికార్డరు పెన్ను గీత గీస్తుంది. మొదట కాసేపు గీత నేలబారుగా పోయి, తర్వాత పైకి లేచి, చివరకు సర్దుకుంటుంది. పుస్తకంలో అలాగే ఉంది. నా పెన్ను మాత్రం నేలబారుగా మొదలై నేలబారుగానే కాగితం అయిపోయేది.

ఒకరోజు కాదు, ఎనిమిది నెలలు. జి.టి.పి. చెడిపోయిందేమో అనుకున్నాను. కరెంటు పోయినప్పుడల్లా ఫ్రీజరు కరిగేది మరి. కొత్త సీసా తెప్పించుకున్నాం. నీళ్ళలో కాల్షియం ఉందేమో అనుకున్నాను. కాల్షియం ఉంటే నాళికలు నిలవవని, దాన్ని తొలగిస్తే గాజు గొట్టంలోనే తయారవుతాయని 1972లో వైజెన్‌బర్గ్ అనే ఆయన చూపించాడు. నీళ్ళు రెండుసార్లు బట్టీ పట్టాను. థర్మామీటరు మార్చాను. విచిత్రమేమిటంటే, శుద్ధి చేయకముందు అది చక్కగా నాళికలు కడుతుంది, శుద్ధి చేసిన కొద్దీ మొండికేస్తుంది. "చచ్చిన ప్రోటీనయ్యా అది, పారబొయ్యి" అన్నారు లేబొరేటరీలో ఒకరు. పారబోశాను. ఎన్ని మేకల మెదళ్ళు సింకులో పోశానో లెక్క లేదు. ఫెలోషిప్పు గడువు దగ్గరపడుతోంది. ఇంటి దగ్గర చెల్లెలి సంబంధం మాటలు నడుస్తున్నాయి. బ్యాంకు పరీక్షకు అప్లికేషను తెచ్చుకుని పెట్టెలో దాచుకున్నాను.

మా లేబొరేటరీలో నాకంటే మూడేళ్ళ సీనియరు ఒకావిడ ఉండేది. అందరం అక్క అనే పిలిచేవాళ్ళం. తన పని తాను చేసుకుని సాయంత్రం ఆరింటికి బస్సు ఎక్కి వెళ్ళిపోయే మనిషి. ఒక సాయంత్రం, అప్పటికే బస్సు తప్పిపోయిందనుకుంటాను, నా వెనక నిలబడి ఆ నేలబారు గీతను కాసేపు చూసింది.

"మీ అమ్మగారు పాలు తోడు పెట్టకుండా పేరుకోలేదని ఏడుస్తుందా తమ్ముడూ?" అంది.

నాకర్థం కాలేదు. ఆవిడ తన ఐసు డబ్బాలోంచి చిన్న ట్యూబు తీసి వెచ్చబెట్టింది. అది ఆవిడ సొంత ట్యూబ్యులిను, ఇంకా పూర్తిగా శుద్ధి చేయనిది. అందులో నాళికలు కట్టాక, సన్నటి సూది ఉన్న సిరంజిలోకి లాగి వదిలింది, రెండు మూడుసార్లు. నాళికలు తెగి తునకలవుతాయి. ఆ తునకల నీరు ఒక్క బొట్టు నా క్యూవెట్‌లో వేసి కలిపి, మూత పెట్టింది.

పెన్ను లేచింది. కాసేపు ఆగి లేవడం కాదు, వేసిన క్షణం నుంచే. గది గోడకు ఆనుకుని నిలబడి చూశాను. ఎనిమిది నెలలు చచ్చిందనుకున్న ప్రోటీన్ బతికే ఉంది. పెరగడం దానికి బాగా తెలుసు. మొదలుపెట్టడమే చేతకాలేదు.

దీని వెనకున్న సంగతి చెబుతాను. ఉన్న నాళిక చివర కొత్త ఇటుక వచ్చి కూర్చోవడం తేలిక. కింద ఇటుక ఉంటుంది, పక్కన ఇటుక ఉంటుంది, పట్టుకోవడానికి ఆధారం దొరుకుతుంది. ఏమీ లేని చోట రెండు ఇటుకలు కలిస్తే పక్కన పట్టు ఉండదు, విడిపోతాయి. మూడు కలిసినా అంతే. కొన్ని ఇటుకలు ఒక్కసారిగా, సరైన వంపులో, విడిపోయేలోగా చేరితేనే నిలుస్తాయి. ద్రావణం చాలా చిక్కగా ఉంటే ఆ యోగం ఎప్పుడో ఒకప్పుడు కలుగుతుంది. నా ద్రావణం పెరగడానికి చాలినంత చిక్కన, మొదలవడానికి చాలనంత పలచన. పైగా నేను కాలమ్‌లో వదిలించుకున్న ఆ ఇతర ప్రోటీన్లే మొదలుకు సాయం చేసేవి. శుద్ధి పేరుతో చేసిందల్లా ఆ సాయాన్ని తీసి పారెయ్యడం. కణం లోపల కూడా నాళిక తనంతట తాను మొదలు కావడం దుర్లభం. అది లోపం కాదు. ఎక్కడపడితే అక్కడ నాళికలు పుట్టుకొస్తే కణానికి ఒక ఆకారం, ఒక దిక్కు ఉండవు. మొదలు కష్టం కాబట్టే, ఎక్కడ మొదలవాలో ఎప్పుడు మొదలవాలో కణం నిర్ణయించుకోగలుగుతుంది.

ఆ సాయంత్రం అక్క బస్సు కోసం వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి అంది: "నా తునక నీకిచ్చాను. నాకు నా ముందు కట్టిన నాళికలు ఇచ్చాయి. మరి కణంలో మొట్టమొదటి తునక ఎవరిస్తారంటావు?"

నేను పుస్తకంలో ఉన్నది చెప్పాను, "నాళికలను వ్యవస్థీకరించే కేంద్రం" అని. ఆవిడ నవ్వి "అది జవాబు కాదు, తెలీదు అనడానికి పెద్దమనిషి మాట" అని వెళ్ళిపోయింది.

ఆవిడ అన్నది నిజమే. కణంలో సెంట్రోసోము అనే చుక్క దగ్గర నుంచి నాళికలు సూర్యకిరణాల్లా బయలుదేరతాయని అందరికీ తెలుసు. ఆ చుక్కలో ఏముండి మొదలుపెడుతుందో ఎవరికీ తెలీదు. పైగా మనం ప్రాక్టికల్స్‌లో నలిపి చూసే ఉల్లివేరు కణాల్లో అసలు సెంట్రోసోమే లేదు, అయినా కండె ఏర్పడుతుంది.

జవాబుకు మొదటి కొస 1989లో బూజు దగ్గర దొరికింది. అమెరికాలో ఎలిజబెత్ ఓక్లీ, బెర్ల్ ఓక్లీ దంపతులు ఆస్పర్జిల్లస్ అనే బూజులో, బీటా ట్యూబ్యులిన్ లోపాన్ని సర్దుబాటు చేసే జన్యువుల కోసం వెతుకుతుంటే ఇంకొక ట్యూబ్యులిన్ తగిలింది. ఆల్ఫా కాదు, బీటా కాదు, మూడోది. గామా అన్నారు. ఇది గోడలో ఇటుక కాదు. కణంలో ఉండేదే చాలా కొంచెం. ఎక్కడుందా అని మరుసటి సంవత్సరం చూస్తే నాళికలు బయలుదేరే చోటనే ఉంది. 1995లో కప్ప గుడ్ల నుంచి యీషియన్ జెంగ్, ఆమె సహచరులు దీన్ని ఒంటరిగా కాక ఇతర ప్రోటీన్లతో కలిసిన ఒక ఉంగరంగా బయటికి తీశారు. ఆ ఉంగరం నాళిక అడ్డకొలతకు సరిపోతుంది. ఉల్లివేరు లాంటి మొక్కల కణాల్లోనూ గామా ఉంది. ఒక చుక్కలో కాక, కేంద్రకం పొర మీద, కణం అంచుల వెంట అక్కడక్కడ.

ఆ వార్త చదివినప్పుడు నేనొక డిగ్రీ కాలేజిలో లెక్చరరుని. చదవగానే నాకు గుర్తొచ్చింది మా నాన్న అచ్చు అతకడం.

నేత తెలియని వారి కోసం చెబుతాను. మగ్గం మీద పడుగు అయిపోయాక గుడ్డను పూర్తిగా కోసి తీసెయ్యరు. అచ్చులో దూరి ఉన్న పాత పోగుల కొసలను అలాగే ఉంచుతారు. కొత్త పడుగు తెచ్చి, వేళ్ళకు బూడిద అద్దుకుని, పాత కొసకు కొత్త కొసను పెట్టి నలిపి అతుకుతారు. ఒక్కొక్క పోగే, వేల పోగులు. అది అయ్యాక లాగితే కొత్త పడుగు పాత దారిలోనే వరస తప్పకుండా అచ్చులోంచి వచ్చేస్తుంది. ప్రతి పోగూ మొదట్నుంచి అచ్చులో దూర్చుకోవాలంటే ఎన్ని రోజులు పట్టేదో. ఆ పని ఎక్కువగా అమ్మ చేసేది. నేసినవాడు నాన్న, చీర నేసింది ఫలానా అతను అనే అందరూ చెప్పుకునేవాళ్ళు.

గామా ఉంగరం చేసేది అచ్చంగా ఆ పనే. రెండు గామాలను ఇంకో రెండు ప్రోటీన్లు మోస్తూ ఆంగ్ల వై అక్షరం లాంటి ముక్క అవుతాయి. ఈస్టు లాంటి శిలీంధ్రాల్లో ఇవి నాళిక మొదలవ్వాల్సిన చోటికి వచ్చి అక్కడ మెలికగా చేరతాయి. మనుషుల్లో ఉంగరం ముందే కట్టి సిద్ధంగా ఉంటుంది. మొత్తం 14 గామాలు, వాటి కింద మోసే ప్రోటీన్లు ఐదు రకాలు. రెండు రకాలు ఐదేసి, ఒకటి రెండు, మిగిలిన రెండూ ఒక్కొక్కటి. మెలికలో పద్నాలుగోది మొదటిదాని మీదికి వస్తుంది కనుక పోగులకు కొసలు పదమూడే. ఒక్కో కొస మీద ఒక్కో పోగు. ఒకసారి అతుకు పడిందా, ఇక ఆగదు. నిమిషానికి పది మైక్రాన్లు పెరిగే నాళికలో ఆ నిమిషంలో కూర్చునే ఇటుకలు పదహారు వేలు దాటుతాయి. లెక్క మీరే వేసుకోండి.

ఇక్కడితో కథ అయిపోయిందనే అనుకున్నాను. క్లాసులో చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. అయితే 2020 ప్రాంతంలో, అతిశీతల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఆ ఉంగరం రూపాన్ని మూడు బృందాలు దాదాపు ఒకేసారి బయటపెట్టాయి. చూస్తే ఉంగరం సరిపోవడం లేదు! నాళిక కంటే ఎక్కువగా విచ్చుకుని ఉంది, ఒక పక్కకు వంకరగా కూడా ఉంది. కొసలు ఉన్నాయి గానీ పడుగు వరసలో లేవు. ఉంగరం మధ్యలో ఒక వంతెనలాంటిది, అందులో ఆక్టిన్ అనే వేరే కుటుంబపు ప్రోటీన్. విడిగా తీసిన ఉంగరం గాజు గొట్టంలో నాళికలను మొదలుపెట్టడంలో అంత చురుకైనదీ కాదు. మరి ఇది అచ్చెలా అవుతుంది?

2024లో సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసం దీనికి జవాబు చెప్పింది. నాళిక అప్పుడే మొలకెత్తుతున్న స్థితిలో ఉంగరాన్ని పట్టుకుని చూశారు. అప్పుడది ముడుచుకుని ఉంది, పదమూడు పోగులకు సరిగ్గా సరిపోయేలా. మధ్యలోని వంతెన లేదు, తొలగిపోయింది. ముడుచుకోవడానికి ఉంగరంలో ఒక గడియ లాంటి భాగం ఉంది. ఆ గడియ పట్టుకునేది వచ్చి చేరుతున్న కొత్త ఇటుకలనే. అంటే ఉంగరం ముందే సిద్ధమై కూర్చుని ఇటుకలకు దారి చూపడం లేదు. వచ్చేవాళ్ళ చెయ్యి పట్టుకుని తానూ సర్దుకుంటోంది. ఇదికాక, ఉంగరాన్ని పట్టి కొంత ముడిచే ప్రోటీన్లూ, ఇటుకలను అందించే ప్రోటీన్లూ వేరే ఉన్నాయి. అలా ముడిచే వాటిలో ఒకదాని జన్యువు దెబ్బతింటే బిడ్డ మెదడు పూర్తిగా ఎదగక, పుట్టుకతోనే తల చిన్నదవుతుంది. మొదలు అన్నది అంత విలువైన పని.

మా నాన్న అచ్చు మాత్రం పోగుల కోసం ముడుచుకోదు. పోలిక అక్కడ తెగిపోతుంది. తెగిపోనివ్వండి.

ఇక నా తప్పు. ఆ సాయంత్రం తర్వాత నా పని నడిచింది. ప్రతి ప్రయోగం తునకలతోనే చేశాను. 1986లో థీసిస్ సమర్పించాను. అంతకు రెండేళ్ళ ముందే అక్క వెళ్ళిపోయింది. వాళ్ళాయనకు బదిలీ అయింది, థీసిస్ సగంలో ఆగింది. ఈ వ్యాసం వ్రాద్దామని నా థీసిస్ కాపీ తీసి చూశాను. కృతజ్ఞతల పేజీ రెండు పేజీలుంది. మా గైడు గారు, శాఖాధిపతి గారు, ఫెలోషిప్పు ఇచ్చినవారు, అమ్మా నాన్నా, టైపు చేసిన ఆయన, చివరకు కబేళా పనివాళ్ళు కూడా ఉన్నారు. అక్క లేదు. ఎందుకు లేదని నన్ను నేను అడిగాను. పగ లేదు, అసూయ లేదు. అప్పటికి ఆవిడ ఆ గదిలో లేదు, అంతే. లేనివాళ్ళు గుర్తు రాలేదు.

నంబరు సంపాదించి ఫోను చేశాను. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయిందిట. గొంతు మారలేదు. కృతజ్ఞతల పేజీ సంగతి చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది:

"ఆ రోజు నీకిచ్చింది నా వారం పని తమ్ముడూ. ఆ ట్యూబు వెచ్చబెట్టి కోసేశాక మళ్ళీ నాకు పనికిరాలేదు. శనివారం దాకా కూర్చుని ఇంకోటి చేసుకున్నా."

నాకు ఆ సంగతి ఈనాటికి తెలిసింది. బొట్టు వేసిందనుకున్నాను, వారం ఇచ్చిందని తెలీదు. ఏమనాలో తోచక ఊరుకున్నాను. ఆవిడే అడిగింది: "సరే గానీ, ఆ మొదటి తునక ఎవరిస్తారో తెలిసిందిటగా? మా మనవడు ఏదో ఉంగరమంటాడు."

అప్పుడు చెప్పాను, పైన మీకు వ్రాసిందంతా, గామా నుంచి గడియ దాకా. మధ్యమధ్య ప్రశ్నలు వేసింది. ఉంగరం ముందు సరిపోదనీ, వచ్చే ఇటుకలతో కలిసి సరిపోతుందనీ చెప్పినప్పుడు "అమ్మయ్య" అంది. ఎందుకలా అందో నేను అడగలేదు.

లేబొరేటరీల్లో, హాస్టళ్ళలో, క్లాసుల్లో చచ్చిన ప్రోటీన్ అనిపించుకుంటున్న వాళ్ళు ఇప్పుడూ ఉంటారు. నేను కూడా లెక్చరరుగా ఒకరిద్దర్ని అలా అన్నవాణ్ణే. పారబొయ్యడానికి ముందు ఒక్క బొట్టు వేసి చూడండి. వేసిన వాళ్ళ పేరు వ్రాసుకోండి. అది ఆ రోజే వ్రాసుకోవాలి, తర్వాత గుర్తుండదు.

ఈ వ్యాసంలో ఆవిడ పేరు వెయ్యాలనే నా కోరిక. అడిగాను. "ఇప్పుడెందుకూ, వద్దులే" అంది. థీసిస్‌లో పేరు లేకుండా చేసింది నేను. ఇక్కడ వద్దన్నది ఆవిడ. రెండూ ఒకటి కావు. మన కాలేజి లైబ్రరీలో పై అంతస్తులో నా థీసిస్ ఉంది. నాలుగో అధ్యాయంలో నేలబారు గీత పక్కన పైకి లేచిన గీత ఉన్న బొమ్మ చూస్తే, ఆ రెండో గీత ఎవరిదో మీకిప్పుడు తెలుసు.